టోనర్ బదిలీతో సర్క్యూట్ బోర్డు: కోవిల్‌పట్టి, విరుదునగర్ సీమ నేపథ్యంలో

లేజర్ ప్రింటర్‌లోనో జిరాక్స్ యంత్రంలోనో కాగితం మీద పడిన నల్లటి గీతలను వేడితో, ఒత్తిడితో రాగి పలక మీదికి దింపి, ఆ గీతల కింద ఉన్న రాగిని మాత్రం మిగిల్చి, తక్కిన రాగిని రసాయనంలో కరిగించివేసే పద్ధతికి టోనర్ బదిలీ అని పేరు. ఇంట్లో, కళాశాల ప్రయోగశాలలో, చిన్న మరమ్మతు దుకాణంలో ఒకటో రెండో సర్క్యూట్ బోర్డులు కావలసినప్పుడు ఈ దారి పడతారు. ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు దీన్ని ఎలక్ట్రానిక్స్ పనిగానే చెబుతాయి. కానీ దీనిలో జయాపజయాలను తేల్చేవి కాగితం, టోనర్, ఉపరితలం, ఒత్తిడి. అంటే ఇది మొదట అచ్చు పని, తరువాతే ఎలక్ట్రానిక్స్. అందుకే ఈ వ్యాసం దీన్ని దక్షిణ తమిళనాట అచ్చు పనికి పేరు మోసిన ఒక సీమ నేపథ్యంలో పరిచయం చేస్తుంది.

సీమ

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా దక్షిణానికి సాగే 44వ జాతీయ రహదారి మదురై దాటాక విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి ఊళ్ళను తాకుతూ కన్యాకుమారి వైపు పోతుంది. విరుదునగర్, కోవిల్‌పట్టిల మధ్య దూరం సుమారు 50 కిలోమీటర్లు. విరుదునగర్ 1985లో ఏర్పడిన జిల్లాకు కేంద్రం. కోవిల్‌పట్టి తూత్తుక్కుడి జిల్లాలోనిది. నల్లరేగడి నేల, తక్కువ వాన, పొడిగాలి ఇక్కడి లక్షణాలు. తరాల కిందట వలస వచ్చి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు ఈ పల్లెల్లో చాలా ఉన్నాయి. ఆ వలస కథను తమిళ నవలలుగా మలిచిన కి. రాజనారాయణన్ కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామస్థుడు.

అచ్చుతో ఈ సీమ బంధం పాతది. కోవిల్‌పట్టికి కొద్ది దూరంలోని ఎట్టయపురం సంస్థానంలో, విద్యావిలాసినీ ముద్రాక్షరశాలలో, 1904లో సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలో అచ్చయింది. గమకాలను చూపడానికి ప్రత్యేక గుర్తులతో కూర్చిన ఆ గ్రంథం నేటికీ కర్ణాటక సంగీతానికి ఆధార గ్రంథం. విరుదునగర్ జిల్లాలోనే ఉన్న శివకాశి సంగతి వేరే చెప్పనక్కరలేదు. 1920లలో అయ్య నాడార్, షణ్ముగ నాడార్ కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకుని వచ్చారు. అగ్గిపెట్టెలకు, టపాసులకు లేబుళ్ళు కావలసివచ్చి, ఆ లేబుళ్ళ కోసం అచ్చుయంత్రాలు వచ్చాయి. తరువాత కేలండర్లు, డైరీలు, నోటుపుస్తకాలతో ఆ ఊరు దేశంలోనే పెద్ద ఆఫ్‌సెట్ ముద్రణ కేంద్రాల్లో ఒకటయింది. అగ్గిపుల్లకైనా కాగితానికైనా పొడిగాలి మేలు చేసేదే. కోవిల్‌పట్టి కూడా అగ్గిపెట్టెల ఊరే.

ఇక ఎలక్ట్రానిక్స్. కోవిల్‌పట్టిలో నేషనల్ ఇంజనీరింగ్ కళాశాల, శివకాశిలో మెప్కో ష్లెంక్ ఇంజనీరింగ్ కళాశాల, కృష్ణన్‌కోవిల్‌లో నేటి కలశలింగం విశ్వవిద్యాలయానికి మూలమైన కళాశాల మూడూ 1984లో మొదలయ్యాయి. హ్యూలెట్ ప్యాకార్డ్ తొలి లేజర్‌జెట్ ప్రింటర్‌ను అమ్మకానికి పెట్టింది కూడా ఆ ఏడాదే. 1998లో విరుదునగర్ దగ్గర కామరాజ్ ఇంజనీరింగ్ కళాశాల, 2013లో రాజపాళయంలో రాంకో సాంకేతిక కళాశాల వచ్చాయి. పాలిటెక్నిక్‌లు వీటికి అదనం. ఇన్ని కళాశాలల్లో ఏటా చివరి సంవత్సరం ప్రాజెక్టులంటే నీటి తొట్టి మట్టం చూపే పరికరం, మోటారు స్టార్టరు, బ్యాటరీ చార్జరు వంటి చిన్న బోర్డులు ఎన్నో కావాలి. విడిభాగాలకు మదురైకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో పోవాలి. మన హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ ఎలాగో అక్కడ రిచీ స్ట్రీట్ అలాగ. బోర్డు మాత్రం ఊళ్ళోనే, ఒక్క రోజులో తయారుకావాలంటే జిరాక్స్ షాపు, ఇస్త్రీ పెట్టె చాలు.

అచ్చు నుంచి వచ్చిన విద్య

సర్క్యూట్ బోర్డు పుట్టుకలోనే అచ్చు ఉంది. 1903లో ఆల్బర్ట్ హాన్సన్, 1925లో చార్ల్స్ డుకాస్ తీగలకు బదులు పలక మీద లోహపు దారులు వేసే పద్ధతులకు పేటెంట్లు కోరారు. నేటి రూపానికి మూలపురుషుడు మాత్రం వియన్నా ఇంజనీరు పాల్ ఐస్లర్. ఒక రేడియో పత్రికలో పనిచేస్తూ ముద్రణ పద్ధతులు తెలుసుకున్న ఆయన 1936లో లండన్ చేరి, అచ్చు వేసిన సర్క్యూట్‌తో రేడియో తయారుచేసి చూపించాడు. రాగి రేకు మీద సిరాతో దారులు అచ్చువేసి, తక్కిన రాగిని తినివేయించడం ఆయన ఆలోచన. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్ల ఫ్యూజుల కోసం ఈ పద్ధతిని విస్తారంగా వాడారు.

రాగిని ఫెర్రిక్ క్లోరైడ్‌తో తినివేయించడం అప్పటికే అచ్చుశాలల వారికి తెలిసిన పని. లెటర్‌ప్రెస్ కాలంలో పత్రికల్లో ఫోటో వేయాలంటే బ్లాకు చేయించాలి. బ్లాక్ మేకర్లు రాగి పలక మీద బొమ్మను నిలిపి, మిగిలిన చోట లోహాన్ని ఫెర్రిక్ క్లోరైడ్‌తో తొలిచేవారు. ఆ బ్లాకులను తొలిచిన రసాయనమే ఇవాళ విద్యార్థి ప్లాస్టిక్ ట్రేలో గోధుమరంగు ద్రవంగా కనిపిస్తుంది.

రెండో మూలం జిరాక్స్. 1938 అక్టోబరు 22న న్యూయార్క్‌లోని ఆస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ గంధకం పూసిన జింకు పలకకు విద్యుదావేశం ఎక్కించి, గాజు మీద రాసిన అక్షరాల నీడ దానిపై పడేట్టు వెలుతురు చూపి, సన్నని పొడి చల్లాడు. పొడి అక్షరాల ఆకారంలో నిలిచింది. దాని మీద మైనపు కాగితం అద్ది, వేడిచేసి పొడిని కాగితానికి పట్టించాడు. అంటే తొలి జిరాక్స్ ప్రతి కూడా వేడితో, అద్దకంతో ఒక తలం నుంచి మరో తలానికి జరిగిన బదిలీయే. 1959లో జిరాక్స్ 914 యంత్రం, ఆ తరువాత గ్యారీ స్టార్క్‌వెదర్ చేసిన లేజర్ ప్రింటర్ ఆ పొడిని ప్రతి వీధికీ చేర్చాయి.

అంతకు ముందు మన దేశంలో బోర్డు చేసుకునేవారు ఎనామిల్ పెయింటుతోనో గోళ్ళరంగుతోనో దారులు చేత్తో గీసేవారు. ఎక్కువ ప్రతులు కావాలంటే పెళ్ళి శుభలేఖల స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ళ దగ్గరికి పోయేవారు. 1969లో మొదలైన ‘ఎలక్ట్రానిక్స్ ఫర్ యూ’ మాసపత్రిక బోర్డు నమూనాలను నిజ పరిమాణంలో అచ్చువేయడం ఈ పనికి గొప్ప ఊతం. ఆ పేజీని సన్నని కాగితంతో ఎత్తి గీసుకున్న తరం తరువాత, దాన్ని నేరుగా జిరాక్స్ తీసి రాగి మీదికి దింపే తరం వచ్చింది. ఇప్పుడు కైక్యాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసి లేజర్ ప్రింట్ తీస్తారు.

టోనర్ స్వభావం

టోనర్ సిరా కాదు, ప్లాస్టిక్ పొడి. స్టైరీన్ అక్రిలేట్ లేదా పాలియెస్టర్ రెజిన్‌లో మసి, కొన్ని రకాల్లో అయస్కాంత గుణం గల ఇనుప ఆక్సైడు, కొద్దిగా మైనం కలిపి 5 నుంచి 10 మైక్రాన్ల రేణువులుగా చేస్తారు. వేడికి మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. మళ్ళీ వేడిచేస్తే మళ్ళీ మెత్తబడుతుంది. బదిలీ సాధ్యమయ్యేది ఈ గుణం వల్లే. ప్రింటర్ లోపలి ఫ్యూజర్ రోలరు దాన్ని ఒకసారి కాగితానికి అతికిస్తుంది. ఇస్త్రీ పెట్టె రెండోసారి కరిగించి రాగికి అతికిస్తుంది. పైగా అది ప్లాస్టిక్ కనుక ఫెర్రిక్ క్లోరైడ్ దాన్ని ముట్టదు.

ఇంక్‌జెట్ అచ్చు ఈ పనికి పనికిరాదు. అది నీటిలో కలిసిన రంగు. ఆఫ్‌సెట్ సిరా కూడా రాగి మీదికి దిగదు. ఆఫ్‌సెట్ సిరాలోని నూనెలు గాలి తగిలి గట్టిపడ్డాక మళ్ళీ కరగవు. అందువల్లే బొమ్మలు అచ్చయి ఉన్న పాత పత్రిక కాగితం మీద సర్క్యూట్‌ను లేజర్ ప్రింట్ తీసినా ఇబ్బంది లేదు. పత్రికలోని బొమ్మలు కాగితంతోనే ఉండిపోతాయి, టోనర్ ఒక్కటే దిగుతుంది.

అన్ని టోనర్లూ ఒకటి కావు. కొన్ని కంపెనీల పొడి ఎక్కువ వేడికి గాని మెత్తబడదు. అలాంటిదానితో ఇస్త్రీ పెట్టె ఎంత రుద్దినా గీతలు సగం కాగితంలోనే ఉండిపోతాయి. మన దేశంలో చిన్న కార్యాలయాల్లో, ఇంటర్నెట్ సెంటర్లలో ఎక్కువగా కనిపించిన హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, క్యానన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్లు ఒకే తరహా కాట్రిడ్జ్‌తో నడుస్తాయి. 12ఎ అంటే ప్రతి రీఫిల్లింగ్ దుకాణానికీ తెలుసు. ఆ కాట్రిడ్జ్‌లోని పొడి అయస్కాంత గుణం గలది, బదిలీకి అనువైనది. అయితే రీఫిల్ చేసిన పొడి ఏ రకమో ముందే చెప్పలేం కనుక, కొత్తగా నింపిన కాట్రిడ్జ్‌తో మొదట ఒక చిన్న ముక్క మీద పరీక్షించి చూడాలి. ప్రింట్ సెట్టింగుల్లో టోనర్ పొదుపు తీసివేసి, నలుపు గాఢత పూర్తిగా పెంచాలి. పొర మందంగా ఉంటేనే సూదిబెజ్జాలు పడవు.

ఇక కుడి ఎడమల సంగతి. కాగితం బోర్లించి అద్దుతాం కనుక బొమ్మ తిరగబడుతుంది. ఒకే వైపు రాగి ఉండే బోర్డులో సాఫ్ట్‌వేర్ అడుగు పొరను పైనుంచి తొంగిచూసినట్టు చూపిస్తుంది, అంటే అది ముందే తిరగబడి ఉన్నట్టే. దాన్ని ఉన్నదున్నట్టు ప్రింట్ తీయాలి. పై పొరను మాత్రం అద్దంలో బొమ్మలా తిప్పి తీయాలి. బోర్డు మీద ఏదైనా అక్షరం పెట్టుకుంటే, రాగి మీద అది సరిగా చదవగలిగేట్టు పడిందో లేదో చూసి తప్పు వెంటనే పట్టుకోవచ్చు.

కాగితం

ఈ పనిలో ఎక్కువ ప్రయోగాలు జరిగింది కాగితం విషయంలోనే. టోనర్ రాగిని గట్టిగా, కాగితాన్ని వదులుగా పట్టుకోవాలి. మామూలు కాగితం పీచులోకి టోనర్ చొచ్చుకుపోతుంది, తిరిగి రాదు. పీచుకూ టోనర్‌కూ మధ్య ఏదో ఒక పూత కావాలి. ఆ పూత ఏదన్న దాన్ని బట్టే పద్ధతులు చీలాయి.

అందరికీ అందుబాటులో ఉండేది ఆర్ట్ పేపర్. కేలండర్లకు, పత్రికల రంగుల పేజీలకు వాడే ఈ కాగితం మీద తెల్లమట్టి, సున్నపురాయి పొడి కలిపిన సన్నని పూత ఉంటుంది. టోనర్ ఆ పూత మీదే కూర్చుంటుంది. రాగికి అతికాక బోర్డును నీటిలో నానబెడితే పీచు ఉబ్బి, మట్టిపూత మెత్తబడి, కాగితం వేలితో రుద్దితేనే ఊడివస్తుంది. శివకాశిలో కోత పెట్టాక మిగిలే ముక్కలు, తప్పు అచ్చయిన షీట్లు ఈ సీమలో కొదవలేని సరుకు. కానీ దీనికో లోపం ఉంది. దగ్గర దగ్గరగా ఉన్న రెండు దారుల సందులో తెల్లని మట్టిపొర ఇరుక్కుపోతుంది. తడిగా ఉన్నప్పుడు కనిపించదు, ఆరాక బూడిదలా తేలుతుంది. దాన్ని పాత పళ్ళ బ్రష్షుతో తీసేయకపోతే అక్కడ రాగి కరగక దారులు కలిసిపోతాయి. బోర్డును ఒకసారి ఆరబెట్టి, వెలుతురులో ఏటవాలుగా చూసి, మళ్ళీ తడిపి రుద్దడమే దీనికి మందు.

పలుచని పత్రిక కాగితం త్వరగా నానుతుంది, ప్రింటర్‌లో ముడతపడే ప్రమాదమూ ఎక్కువే. ఇంక్‌జెట్ ఫోటో పేపర్లలో ప్లాస్టిక్ పూత ఉన్నవి లేజర్ ప్రింటర్‌లో పెట్టకూడదు. ఫ్యూజర్ వేడికి ఆ ప్లాస్టిక్ కరిగి రోలరుకు చుట్టుకుంటుంది, ప్రింటర్ పోతుంది. పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు మీద గీతలు అందంగా పడతాయి గాని అద్దేటప్పుడు జారి, అంచులు చెదురుతాయి.

స్టిక్కర్ల వెనక కాగితం ఇంకో దారి. స్టిక్కరు ఒలిచేశాక మిగిలే ఆ నున్నని కాగితానికి సిలికాన్ పూత ఉంటుంది. దానికి ఏదీ అతకదు. అందువల్ల రాగికి అద్ది చల్లార్చి లాగితే టోనర్ మొత్తం బోర్డు మీదే ఉండిపోతుంది. నానబెట్టే పని లేదు, మట్టిపూత బాధ లేదు. కష్టమల్లా ప్రింటర్‌లోనే: టోనర్ పొడి పట్టు దొరక్క అక్కడక్కడ రాలిపోతుంది, వేలు తగిలినా చెరుగుతుంది. ఈ కాగితాన్ని మామూలు షీటు మీద ముందువైపు అంచున టేపుతో అంటించి ప్రింటర్‌లోకి పంపాలి. పసుపురంగులో అమ్మే బదిలీ కాగితాలు ఈ పద్ధతికి మెరుగుపరిచిన రూపం.

మూడోది డెక్స్‌ట్రిన్ పూత. పిండిపదార్థాన్ని వేయించి చేసే ఈ జిగురు నీటిలో వెంటనే కరుగుతుంది. పింగాణీ మీద బొమ్మలు దింపే నీటి డెకాల్ కాగితాల్లో ఉండేది ఇదే. బాణసంచాలో మందును ముద్దగా పట్టి ఉంచడానికి వాడేదీ ఇదే. పూత కరిగిపోగానే కాగితం తనంత తానే తేలిపోతుంది, రుద్దనవసరం లేదు. విదేశాల్లో దీన్ని ప్రత్యేక కాగితంగా అమ్ముతారు. ‘ప్రెస్ ఎన్ పీల్’ అనే నీలం ప్లాస్టిక్ ఫిల్ము మరో ఖరీదైన రకం. బదిలీ అయ్యాక టోనర్ మీద ఇంకో రంగు రేకును వేడితో అతికించి సూదిబెజ్జాలు మూసే పద్ధతి కూడా ఉంది. నలుపు గాఢత తక్కువగా ఉన్న ప్రింటర్లతో పనిచేసేవారికి అది నిజంగా మేలు చేస్తుంది.

ఏ కాగితమైనా తేమ ఉంటే సాగుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఫ్యూజర్ గుండా పోగానే కాగితం కాస్త కురచవుతుంది. పొడవైన కనెక్టరు వేసే చోట ఒక చివర సరిపోయి రెండో చివర కాళ్ళు రంధ్రాల్లో దిగకపోవడానికి కారణం ఇదే. ఖాళీ కాగితాన్ని ఒకసారి ప్రింటర్‌లో తిప్పి ఆరబెట్టి, వెంటనే మళ్ళీ అదే కాగితం మీద ప్రింట్ తీస్తే తేడా చాలా తగ్గుతుంది. ఎండాకాలంలో కోవిల్‌పట్టి పొడిగాలి ఈ విషయంలో సాయపడుతుంది. ఐప్పసి, కార్తిగై అనే తమిళ నెలల్లో వచ్చే ఈశాన్య రుతుపవనాల్లో కాగితాన్ని కవరులో మూసి ఉంచుకోవాలి.

రాగి పలక

బోర్డు రెండు రకాలు. గోధుమరంగు ఫినాలిక్ కాగితపు బోర్డు చవక, రంధ్రాలు సులువుగా పడతాయి, కానీ ఎక్కువ వేడికి వంగుతుంది. గాజుపీచు, ఎపాక్సీ కలిసిన ఎఫ్ఆర్-4 బోర్డు గట్టిది, వేడికి తట్టుకుంటుంది. మామూలు మందం 1.6 మిల్లీమీటర్లు, దాని మీద రాగి 35 మైక్రాన్లు. ఫినాలిక్ లామినేట్లకు మన దేశంలో పేరు తెచ్చిన బేకలైట్ హైలం హైదరాబాదు సనత్‌నగర్ కంపెనీ. ఎలక్ట్రికల్ దుకాణాల్లో నేటికీ హైలం షీటు అనే అడుగుతారు.

బదిలీ చెడిందంటే పది సార్లలో ఎక్కువ సార్లు కారణం రాగి మీది జిడ్డే. వేలిముద్ర ఉన్న చోట టోనర్ అంటదు. సన్నని వాటర్ పేపర్‌తోనో స్టీలు పీచుతోనో తడిపి గుండ్రంగా రుద్ది, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. శుభ్రతకు తిరుగులేని పరీక్ష నీళ్ళు: కడిగిన పలకను ఏటవాలుగా పెడితే నీరు తెగని పొరగా పరుచుకోవాలి. చుక్కలుగా విడిపోతే ఇంకా జిడ్డున్నట్టే. రుద్దినప్పుడు పడే సన్నని గీరలు కూడా అవసరమే. కరిగిన టోనర్ ఆ గీరల్లోకి దిగి పట్టు సాధిస్తుంది. కత్తిరించిన అంచుల్లో లేచిన రాగి మొనలను ఆకురాయితో తప్పక తీసేయాలి. ఆ మొనలు కాగితాన్ని ఎత్తిపట్టి, అంచు దగ్గర బదిలీని చెడగొడతాయి.

వేడి, ఒత్తిడి

ఇస్త్రీ పెట్టెను కాటన్ గుర్తు దగ్గర పెడితే 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడెక్కుతుంది. ఆవిరి రంధ్రాలు లేని పాత తరహా బరువైన పెట్టె మేలు. రాగి వేడిని త్వరగా లాగి పక్కలకు పంచుతుంది కనుక ముందు బోర్డునే వేడిచేసి, దాని మీద కాగితం పెట్టి, పైన ఒక పొర నూలుగుడ్డ వేసి, బరువు మోపి నిలిపి ఉంచాలి. ఆ తరువాత పెట్టె కొసతో అంచులు, మూలలు ఒక్కొక్కటిగా అదమాలి. మొదటి అరనిమిషం పెట్టెను పక్కకు జరపకూడదు, గీతలు చెదిరిపోతాయి. ఎక్కువ ఒత్తిడి కూడా తప్పే. కరిగిన ప్లాస్టిక్ పక్కలకు పాకి, సన్నని సందులు పూడిపోతాయి.

చేతి బలం మీద ఆధారపడకుండా ప్రతిసారీ ఒకే ఫలితం కావాలనుకునేవారు లామినేషన్ యంత్రం వైపు మళ్ళారు. గుర్తింపు కార్డులకు ప్లాస్టిక్ వేసే ఆ యంత్రంలో రెండు వేడి రోలర్ల మధ్య ఒత్తిడి అంతటా సమానంగా ఉంటుంది. మందపు బోర్డు దూరే యంత్రం కావాలి. వేడి తక్కువగా ఉంటుంది కనుక పలుమార్లు తిప్పితే గాని బోర్డు వేడెక్కదు. నా అభిప్రాయంలో ఈ పద్ధతిలో పెట్టుబడి పెట్టదగిన ఒకే ఒక్క యంత్రం ఇది. కళాశాల ప్రయోగశాలల్లో ఇస్త్రీ పెట్టె కంటే దీన్ని ఉంచడం విద్యార్థులకు న్యాయం.

వేడి లేకుండా చేసే దారీ ఒకటి ఉంది. అసిటోన్ టోనర్‌ను మెత్తబరుస్తుంది గాని మోతాదు మించితే కరిగించి గీతలను పారిస్తుంది. అసిటోన్‌ను ఆల్కహాల్‌తో పలుచన చేస్తే టోనర్ మెత్తబడుతుంది, పారదు. మూడు పాళ్ళు అసిటోన్‌కు ఎనిమిది పాళ్ళు ఆల్కహాల్ అన్నది ఎక్కువమంది వాడే కొలత. రాగిని ఆ మిశ్రమంతో తడిపి, కాగితం పరిచి, అదిమి ఉంచి, ఆరాక నానబెట్టి తీస్తారు. వేడి లేదు కనుక కాగితం కుంచించుకుపోదు, బోర్డు వ్యాకోచించదు, కొలతలు కచ్చితంగా వస్తాయి. గాలికి ఎగిరిపోయే ద్రవాలు కనుక తెరిచిన కిటికీ దగ్గర, నిప్పుకు దూరంగా చేయాలి. అగ్గిపెట్టెల పని సాగే ఇంట్లో దీన్ని తలపెట్టకపోవడమే మంచిది.

బదిలీ ముగిశాక తెగిన గీతలను పర్మనెంట్ మార్కరుతో సరిదిద్దవచ్చు. నాలుగో వంతు కంటే ఎక్కువ చెడితే సరిదిద్దడం కంటే అసిటోన్‌తో తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టడమే తేలిక.

కరిగించడం

ఫెర్రిక్ క్లోరైడ్ రాగితో కలిసి ఫెర్రస్ క్లోరైడ్, కుప్రిక్ క్లోరైడ్ అవుతుంది. లెక్క చూస్తే పది సెంటీమీటర్ల చదరపు బోర్డు మీద ఒకవైపు ఉన్న రాగి మొత్తం మూడు గ్రాములకు కాస్త పైన. దాన్నంతా కరిగించడానికి నీరు లేని ఫెర్రిక్ క్లోరైడ్ 16 గ్రాములు చాలు. మార్కెట్లో దొరికే గడ్డల్లో నీరు కలిసి ఉంటుంది కనుక మరికొంత ఎక్కువ కావాలి. నీటిలోకి పొడిని కొద్దికొద్దిగా వేయాలి. పొడి మీద నీరు పోస్తే ఒక్కసారిగా వేడెక్కి చిమ్ముతుంది. ప్లాస్టిక్ లేదా గాజు పాత్ర వాడాలి. స్టీలు గిన్నెను ఇది తినేస్తుంది, బట్ట మీద పడితే మరక పోదు. చేతి తొడుగులు, కళ్ళద్దాలు తప్పనిసరి.

ద్రవం 40 నుంచి 50 డిగ్రీల దగ్గర చురుకుగా పనిచేస్తుంది. వేసవిలో విరుదునగర్ మిట్టమధ్యాహ్నపు ఎండలో ట్రే పెడితే వేరే పొయ్యి అక్కరలేదు. బోర్డును ఆడిస్తూ ఉండాలి. నిలకడగా వదిలితే అడుగున మడ్డి పేరుకుంటుంది. రాగి ముఖం కిందికి తిప్పి తేలేట్టు వేస్తే మడ్డి జారిపోతుంది. కొత్త ద్రవంలో పది నిమిషాల నుంచి అరగంట పడుతుంది. పని అయిన క్షణాన తీసి కడగాలి, లేకుంటే ద్రవం టోనర్ అంచుల కిందికి దూరి దారులను సన్నబరుస్తుంది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి వాడేవారూ ఉన్నారు. వేగంగా పనిచేస్తుంది, ద్రవం తేటగా ఉండి బోర్డు కనిపిస్తుంది. కానీ క్లోరిన్ వాయువు వెలువడవచ్చు, దగ్గరలోని ఇనుప పనిముట్లన్నీ తుప్పు పడతాయి. అంతకు మించిన ప్రమాదం ఇంకొకటి: అసిటోన్‌తో తుడిచిన బోర్డును ఆరనివ్వకుండా ఈ ద్రవంలో ముంచకూడదు, అసిటోన్ సీసాను దీని దరికి తేకూడదు. ఈ మూడూ కలిస్తే తాకిడికే పేలే పదార్థం పుట్టవచ్చు. ఇంట్లో చేసేవారికి ఫెర్రిక్ క్లోరైడే తగినది.

వాడిన ద్రవం

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పవలసి ఉంది. పనయ్యాక ద్రవంలో మిగిలేది రాగి లవణం. రాగి లవణమే అయిన మైలుతుత్తం బూజును, నాచును ఎలా చంపుతుందో రైతుకు తెలుసు. చేపలకూ నీటి పురుగులకూ అదే గతి. విరుదునగర్ పక్కన కౌశిక నది, సాత్తూరు పక్కన వైప్పారు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉంటాయి. పారే నీరు లేని చోట మోరీలో పోసింది ఎక్కడికీ కొట్టుకుపోదు, నేలలోకి, బావిలోకి దిగుతుంది. దేశంలో 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలో వాడిన ఎచింగ్ (లోహాన్ని తినివేయించే) రసాయనాలను ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి.

మంచి మార్గం మొదట ఎక్కువ కాలం వాడుకోవడం. మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో పేరు రాసి దాచిన ద్రవం నెలల తరబడి పనికొస్తుంది. పూర్తిగా నీరసించాక స్టీలు పీచు వేసి ఉంచితే ఇనుము కరిగి రాగి ఎర్రటి పొడిగా అడుగున చేరుతుంది. తరువాత చాకలి సోడా కొద్దికొద్దిగా వేస్తే నురగ వచ్చి, మిగిలిన లోహాలు బురదగా పేరుకుంటాయి. ఆ బురదను ఆరబెట్టి, విడిగా మూటకట్టి, ప్రమాదకర వ్యర్థాలు సేకరించే వారికే ఇవ్వాలి. ప్రతి కళాశాలా తన ప్రయోగశాలలో దీనికో డబ్బా పెట్టి, దాన్ని నింపే బాధ్యత విద్యార్థికి, పంపే బాధ్యత కళాశాలకు ఉంచితే ఈ చదువు సంపూర్ణమవుతుంది.

కొలతలు, హద్దులు

టోనర్ బదిలీలో 0.3 మిల్లీమీటర్ల వెడల్పు దారి, అంతే సందు నమ్మకంగా వస్తాయి. చేయి తిరిగినవారు 0.2 దాకా పోతారు. 35 మైక్రాన్ల రాగి మీద 0.3 మిల్లీమీటర్ల దారి సుమారు ఒక ఆంపియరును పది డిగ్రీల వేడి పెరుగుదలతో మోస్తుంది. రెండు ఆంపియర్లకు 0.8 కావాలి. స్థలం ఉన్నప్పుడు దారులను వెడల్పుగా వేయడంలో ఏ నష్టమూ లేదు. కాళ్ళ మధ్య 2.54 మిల్లీమీటర్ల దూరం ఉండే మామూలు ఐసీలకు, 1.27 దూరం ఉండే ఉపరితల ఐసీలకు ఈ పద్ధతి సరిపోతుంది. 0.5 దూరం ఉన్నవి అదృష్టం మీద ఆధారపడతాయి.

రెండు వైపులా దారులున్న బోర్డుకు రెండు కాగితాలను వెలుతురుకు పెట్టి గుర్తులు కలిపి, సంచిలా అంటించి, మధ్యలో పలకను దూర్చి అద్దుతారు. అయితే రంధ్రాల లోపల రాగి పూత ఇంట్లో రాదు. పై కింది పొరలను తీగ ముక్కలతో కలిపి టంకం వేయాలి. రంధ్రాలకు 0.8, 1.0 మిల్లీమీటర్ల బిట్లు చాలు. ఎఫ్ఆర్-4 గాజుపీచు మామూలు స్టీలు బిట్‌ను త్వరగా మొద్దుబరుస్తుంది, దాని ధూళి ఊపిరితిత్తులకు చేటు. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడవాలి. పని పూర్తయిన రాగి మీద ఆల్కహాల్‌లో కరిగించిన రోజిన్ పూస్తే నల్లబడదు, టంకం కూడా చక్కగా పడుతుంది. భాగాల పేర్లు, గుర్తులను బోర్డు రెండో వైపు కూడా ఇదే టోనర్‌తో అద్దుకోవచ్చు. చాలామంది ఈ చివరి మెట్టు వదిలేస్తారు గాని, ఆరు నెలల తరువాత మరమ్మతు చేసేవారికి ఆ గుర్తులే దిక్కు.

ఇప్పుడు ఫైళ్ళు పంపితే చైనాలోని, మన దేశంలోని ఫ్యాక్టరీలు రంధ్రాల్లో పూత, ఆకుపచ్చ సోల్డర్ మాస్కు, తెల్లటి అక్షరాలతో అయిదో పదో బోర్డులు చేసి పంపుతున్నాయి. కాంతితో పనిచేసే డ్రై ఫిల్ము పద్ధతి ఇంకా సన్నని గీతలు ఇస్తుంది. చిన్న సీఎన్‌సీ యంత్రాలు రసాయనమే లేకుండా రాగిని చెక్కుతాయి. టోనర్ బదిలీకి మిగిలిన చోటు స్పష్టమే. ఒకవైపు దారులున్న, ఇవాళే కావలసిన, రేపు మార్చవలసివచ్చే బోర్డు అయితే జిరాక్స్ షాపుకు వెళ్ళండి. రెండు వైపులా సన్నని దారులున్న, పది ప్రతులు కావలసిన, కొనుగోలుదారు చేతికి ఇవ్వవలసిన బోర్డు అయితే ఫ్యాక్టరీకి పంపండి.